నీళ్లు పోసినంకనే బేరం

అన్నలకు, అక్కలకు, అంగళ్లలో మా పక్కన పట్టా పరుచుకుని సరుకు పెట్టుకున్న దోస్తులందరికీ నమస్తే. ముందుగా ఆలస్యానికి మన్నించాలి. మా పెద్దమ్మ పోయింది. పోయి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుదామని కూర్చోవడం, రెండో ఫోను మధ్యలోనే కట్ చేసి పక్కన పెట్టేయడం, ఇట్లాగే రోజులు గడిచిపోయాయి. నిన్న దుకాణంలో ఒక సంగతి జరిగింది. దాంతో ఇక రాయక తప్పలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను. గిరాకీ మధ్యలో ఫోన్‌లోనే కొడుతున్నాను కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. ఈమె మా అమ్మకు సొంత అక్క. పిల్లలు లేరు. పెనిమిటి చిన్న వయసులోనే పోయాడు. మా అమ్మ కూడా పోయాక, నేను పదో తరగతి తప్పి ముఖం దాచుకుని తిరుగుతుంటే ఆమే మా ఇంటికి వచ్చింది. తిట్టలేదు, ఓదార్చలేదు. "చదువు రాకపోతే పాయె. మూట మొయ్యనీకి వస్తదా?" అని అడిగింది. వస్తదన్నాను. మర్నాడే అయిజ అంగడికి తీసుకుపోయింది. బస్సు మీద స్టీలు సామాను మూటలు, బస్సులో మేము. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఒక రోజు అయిజ, ఒక రోజు ఖిల్లా ఘణపూర్, ఒక రోజు వీపనగండ్ల. వనపర్తిలో ఇప్పుడున్న దుకాణం ఆ మూటల్లోంచి వచ్చిందే.

ఆమె వ్యాపారం ఎట్లా చేసేదో మీలో చాలామంది చూశారు. అయిజలో రాయచూరు వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లు కనిపిస్తే "బర్రి అక్కా, బర్రి" అని వాళ్ల మాటలోనే పిలిచేది. ఆమెకు వచ్చిన కన్నడం అంతే. మిగతాది తెలుగే, కాకపోతే కొంచెం గట్టిగా మాట్లాడేది. సామాను ముందు ఎవరు గొంతుకూర్చున్నా ముందు ధర చెప్పేది కాదు. చెంబు ఎత్తేది. ఎండలో నడిచి వచ్చినవాళ్లు అలవాటుగా కుడి అరచేతిని దొప్పలా చేసి పెదవుల దగ్గర పెట్టుకునేవాళ్లు. చాలని తల ఊపేదాకా సన్నటి ధారగా పోసేది. ఆ తర్వాతే గిన్నె చేతికిచ్చేది. ఎందుకు పెద్దమ్మా, గిరాకీ మీదుండగా ఈ నీళ్ల పని అంటే, "నీళ్లు పోసినంకనే బేరం. మన నీళ్లు తాగినోడు ఊకెనే లేచిపోడురా, సిగ్గుపడతడు" అనేది. వ్యాపారం కిటుకు అనుకునేవాడిని. కిటుకే. కానీ కొనడానికి వచ్చినవాళ్లకీ, ఊరికే నీడకు ఆగినవాళ్లకీ, ఎదురు దుకాణం వాళ్లకీ ఒకే తీరుగా పోసేది.

గిన్నెల మీద పేర్లు కొట్టేది కూడా ఆమే. ఇప్పుడు మెషిన్లు వచ్చాయి గానీ అప్పుడు చిన్న ఉలి, చిన్న సుత్తి. టక టక చుక్కలు చుక్కలుగా అక్షరాలు. చదువు రాదు. ఎవరైనా కాగితం మీద రాసిస్తే దాన్ని ముగ్గు చూసినట్టు చూసి గిన్నె మీదికి దించేది. ఒకసారి ఘణపూర్ అంగడిలో కొత్తల్లుడొకడు, మామ కొనిపెట్టిన బిందె మీద తన పేరు పెద్దగా, మామ పేరు చిన్నగా కొట్టమన్నాడు. మామ పక్కనే ఉన్నాడు. "బిందె ఆయన కొనె, నీళ్లు నీ పెండ్లాం మోసె, పేరొకటి నీదా?" అంది. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. చివరికి పెళ్లికూతురి పేరు కొట్టించుకుని పోయారు. "పేరు లేని గిన్నె పెండ్లింట్ల పోతది" అని ప్రతి గిరాకీకీ చెప్పేది.

తన చెంబు మీద మాత్రం పేరు కొట్టుకోలేదు. ఇత్తడి చెంబు, ఒక పక్క సొట్ట. "ఇది అంగడి చెంబురా, అందరిదీ. దీనికేం పేరు" అనేది. ఆ చెంబును గానీ, ఇంకే గ్లాసును గానీ ఆమె పెదవులకు తగిలించుకోగా నేను చూడలేదు. చాయ్ కూడా అంతే. ఎత్తి పోసుకునేది, లేదంటే అరచేతిలో పోయించుకునేది. ఎంగిలి అంటే ఆమెకు అంత పట్టింపు. ఒకరి నోరు తగిలిన దాంట్లో తను తాగదు, తన నోరు తగిలింది ఇంకొకరికి ఇవ్వదు. మన దిక్కు పాతకాలం ఆడవాళ్లందరూ అంతే కదా, అందులో ప్రత్యేకంగా చూడాల్సింది ఏముందని నేనెప్పుడూ చూడలేదు.

ఆమె అలక గురించి కూడా చెప్పాలి. దాని సంగతి మళ్లీ వస్తుంది. దుకాణం పెట్టిన కొత్తలో పాత ఇత్తడి అంతా కరగడానికి ఇచ్చేస్తూ, ఆ సొట్ట చెంబును కూడా మూటలో వేసేశాను. కొత్తది నున్నగా మెరిసేది తెచ్చి ముందు పెట్టాను. ఆమె ఏమీ అనలేదు. తిండి తిన్నది, నీళ్లు మాత్రం ముట్టలేదు. ఆ పొద్దంతా అంతే, మర్నాడు మధ్యాహ్నం దాకా అంతే. మా ఇంటామె బతిమాలింది, నేను బతిమాలాను. చివరికి గద్వాల పోయి, కరిగించేవాడి దగ్గర గుట్టలో వెతికి పట్టుకొచ్చాను. చెంబు కడిగి, నిండా నింపుకుని, గటగటా ఎత్తి పోసుకుని, "ఇగ చెప్పు, నీ కొత్త చెంబు ఎంతకు అమ్ముతవు?" అంది. మా ఇంట్లో ఇది పెద్ద నవ్వుల కథ అయిపోయింది. పెద్దమ్మకు కోపం వస్తే నీళ్లు మానేస్తుంది అని చుట్టాలందరికీ చెప్పేవాళ్లం. ఈ కథ మా కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

పోయిన వానాకాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. మిగిలింది ఒక్క మాట, "లే". వద్దన్నా లే, కాదన్నా లే, ఒక్కోసారి అవునన్నా లే. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. నలభై రోజులు మా ఇంటామె చూసుకుంది. కడగడం, తినిపించడం, పక్క మార్చడం అన్నీ ఆమే. నేను దుకాణంలో ఉండేవాణ్ణి. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి కనబడి పలకరిస్తే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. ఆమెకు నీళ్లెట్లా తాగిస్తున్నారో నేను చూసింది లేదు. అడిగింది లేదు.

నలభై ఒకటో రోజు మా ఇంటామె అటక మీది నుంచి గంగాళం దించబోయి స్టూలు మీది నుంచి పడింది. వెన్నుపూస చిట్లింది. నడుముకు బెల్టు వేసి మూడు నెలలు లేవొద్దన్నారు. ఇద్దరు మంచాన పడితే ఒక్కణ్ణి ఏం చేయాలి? నాలుగు రోజులు చేసి చూశాను. కడగడం, పక్క మార్చడం నావి, తిండీ నీళ్లూ పూటపూటకూ పక్కింటామె వచ్చి పట్టేది. అయిదో రోజు పెద్దమ్మను ఎత్తబోయి ఇద్దరం కింద పడ్డాం. అప్పుడు ఎవరో చెప్పారు, నాగర్‌కర్నూల్ దారిలో పెద్దవాళ్లను చూసుకునే హోం ఒకటి ఉంది, మంచం పట్టినవాళ్లను కూడా పెట్టుకుంటారని. పోయి చూశాను. గోడలకు కొత్త సున్నం, కిటికీలకు జాలీలు, ప్రతి మంచానికీ ఒక నంబరు, ఒక అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం. మేనేజరు మెత్తగా మాట్లాడేవాడు. "అన్నా, మా దగ్గర అన్నీ రాస్తం. మీరు ఎప్పుడొచ్చి చూసినా కాయితం మీద ఉంటది" అన్నాడు. నాకు అది నచ్చింది. రాసి పెట్టేవాళ్లంటే మా వ్యాపారులకు నమ్మకం ఎక్కువ.

ఏమేం తేవాలో చీటీ ఇచ్చారు. రెండు నైటీలు, రెండు దుప్పట్లు, సబ్బు, తువ్వాల. గిన్నెలు, గ్లాసులు అక్కర్లేదు, మా దగ్గరే ఉంటాయన్నారు. ఇంటినిండా, దుకాణం నిండా చెంబులు పెట్టుకున్నవాణ్ణి, ఒక్క చెంబు తీసుకుపోలేదు. దింపి వచ్చేటప్పుడు ఆమె కుడి చెయ్యి పట్టుకుని, కోడలి నడుం బెల్టు విప్పిన రోజే వచ్చి తోలుకపోతానని చెప్పాను. "లే" అంది. వద్దు అన్నదో, సరే అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

మా దుకాణానికి గురువారం సెలవు. ప్రతి గురువారం పోయేవాణ్ణి. మూడో నంబరు మంచం. అక్కడ పెద్దమ్మకు పేరు లేదు, మూడో నంబరు అవ్వ. మొదటి గురువారం బాగానే ఉంది. రెండో గురువారానికి పెదవులు ఎండి పొక్కులు కట్టాయి. నాలుక తెల్లగా ఉంది. నీళ్లు తాగుతుందా అని అడిగితే మేనేజరు అట్ట చేతికిచ్చాడు. నీళ్లు అని రాసి ఉన్న గడిలో గంట గంటకూ టిక్కు. ఒక్కటి కూడా తప్పలేదు. మంచం పక్కన స్టూలు మీద మూతకు ముక్కున్న ప్లాస్టిక్ కప్పు ఉంది, మంచాన పడ్డవాళ్లు చీకి తాగడానికి. అట్లాంటివి ఆ గదిలో మంచానికొకటి ఉన్నాయి. పొద్దున అన్నింటినీ ఒకే టబ్బులో కడిగి, చేతికొచ్చింది తెచ్చి పెడతారు.

నేనే ఆ కప్పు తీసి ఆమె నోటి దగ్గర పెట్టాను. పళ్లు బిగబట్టి మొహం గోడ వైపు తిప్పుకుంది. కాసేపటికి కుడి చెయ్యి పైకి లేచింది. వేళ్లు సగం ముడుచుకుని, వణుకుతూ నోటి దాకా వచ్చి ఆగింది. బువ్వ అడుగుతోంది అనుకున్నాను. అరటిపండు ఒలిచి చిన్న ముక్క పెట్టాను. ఉమ్మేసింది. మళ్లీ చెయ్యి లేపింది. మళ్లీ పండు పెట్టాను. ఆమె నా మొహం వంక చాలాసేపు చూసింది. ఆ చూపు కోపం అనుకున్నాను. తెచ్చి ఇక్కడ పడేశానని కోపం.

ఇంటికి వచ్చి మా ఇంటామెకు చెప్పాను. పడుకునే నవ్వింది. "చెంబు కథ మళ్ల మొదలుపెట్టింది. అలిగింది. నాలుగు రోజులైతే తాగుతది" అంది. నేనూ నవ్వాను. తర్వాతి గురువారం దాకా ఇక ఆ ఆలోచన చేయలేదు. ఇద్దరమూ ఆమెను ప్రాణంగా చూసుకున్నవాళ్లమే. అయినా నవ్వాం. అది ఇక్కడ రాయకపోతే మీకు అబద్ధం చెప్పినట్టు అవుతుంది.

మూడో గురువారం నేను పోయేసరికి ఆమె కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ఒళ్లు కాలిపోతోంది. పిలిస్తే పలకడం లేదు. వనపర్తికి దవాఖానకు తెచ్చాను. ఒంట్లో నీరు లేదు, మూత్రంలో చీము పట్టింది అన్నారు. సెలైన్లు ఎక్కించారు. రెండో రోజు కళ్లు తెరిచింది.

పక్క మంచం మీద ఖిల్లా ఘణపూర్ వైపు ముసలమ్మ ఉంది, తోడుగా ఆమె కోడలు. మధ్యాహ్నం ఆ కోడలు సీసా మూత తీసి, అత్తను లేపి కూర్చోబెట్టి, ఆమె అరచేతిలో నీళ్లు పోస్తోంది. పెద్దమ్మ తల తిప్పి అటే చూస్తోంది. చూస్తూ చూస్తూ తన కుడి చెయ్యి లేపింది. అదే చెయ్యి, అదే వణుకు, సగం ముడిచిన వేళ్లు. నేను సంచిలోంచి అరటిపండు తీస్తున్నాను. ఆ కోడలు నన్ను చూసి, "ఏందన్నా, పండు తీస్తవు? అవ్వ దూప అంటుంది, కనబడ్తలేదా?" అంది. నన్ను అడగనైనా అడగకుండా వచ్చి, పెద్దమ్మ మెడ కింద చెయ్యి వేసి లేపి, ఆ అరచేతిలో కొంచెం నీళ్లు పోసింది.

పెద్దమ్మ తాగింది. చప్పరించి, అరచెయ్యి నాకి, మళ్లీ పెట్టింది.

సిస్టరు చూసి కేకలేస్తూ వచ్చింది. పక్షవాతం మనిషికి అట్లా పోస్తే పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది అని ఇద్దరినీ తిట్టింది. మళ్లీ తనే పెద్దమ్మను నిటారుగా కూర్చోబెట్టింది. వీపు వెనక దిండ్లు పెట్టి, గడ్డం కిందికి వంచి, అరచేతిలో చెంచాడు నీళ్లే పోసింది. అది మింగాక గొంతు చూసి మళ్లీ చెంచాడు. అట్లా అయితే పర్లేదు, ఓపిక ఉండాలి అంది. తర్వాత నన్ను ఏం వ్యాపారం అని అడిగింది. చెప్పాను. పక్క మంచం కోడలు అందుకుంది. "గంత పెద్ద సామాన్ల దుకాణం పెట్టుకున్నవు, అవ్వకు నీళ్లు పోసుడు తెల్వదా?"

ఇంటికి ఫోన్ చేసి మా ఇంటామెను అడిగాను, నలభై రోజులు నువ్వెట్లా తాగించావని. "చేతుల పోసిన. ఇంకెట్ల తాగుతది?" అంది. అని ఆగిపోయింది. ఆమె దృష్టిలో అది చెప్పాల్సిన సంగతే కాదు. నేను అడగాల్సిన సంగతి అనుకోలేదు. హోం వాళ్లకు తెలిసే దారి లేదు.

నయమయ్యాక ఇంటికే తెద్దామనుకున్నాను. ఇంట్లో ఇంకొక మనిషిని లేపి కూర్చోబెట్టే చేతులు లేవు. పనికి మనిషిని వెతికి పెడితే రెండు రోజులు వచ్చి మానేసింది. బెల్టు విప్పడానికి ఇంకా నెలన్నర ఉంది. మళ్లీ అక్కడికే తీసుకుపోయాను. ఈసారి సొట్ట చెంబు వెంట ఉంది. అక్కడ గిన్నెలన్నీ కలిసిపోతాయి కదా అని, బయల్దేరే ముందు ఉలి, సుత్తి తీసుకుని దాని మీద ఆమె పేరు కొట్టాను. ముప్పై ఏళ్లు పేరు లేకుండా తిరిగిన చెంబు. మంచం మీద ఆమె చేతికిస్తే బొటనవేలితో చుక్కల మీద తడిమింది. "లే" అంది.

పగటిపూట ఆ గదిని చూసుకునేది ఒక్క ఆయా. నల్లమల మీది ఊరి పిల్ల, ఇంటిల్లిపాదీ అడవి పని చేసేవాళ్లు. ఆమెను పక్కకు పిలిచి, తాగనిదానికి టిక్కు ఎందుకు కొట్టావమ్మా అని అడిగాను. కోపంగానే అడిగాను. ఆమె తల దించుకోలేదు. "అన్నా, అవ్వ మజ్జిగ బువ్వ పెడితే ఇంత తింటది, కప్పు పెడితే పండ్లు బిగబడతది. నేను స్టూలు మీద పెట్టి ఇంకో మంచం కాడికి పోత. టిక్కు కొట్టకపోతే సారు నన్నంటడు. పద్దెనిమిది మందికి నాకున్నయి రెండు చేతులు" అంది. చెంబు ఇచ్చి, ఎట్లా కూర్చోబెట్టాలో, ఎంత పోయాలో చూపించాను. ఒక్కసారికే పట్టుకుంది. "మా అవ్వ గూడ గిట్లనే తాగుతది అన్నా. ముందే తెలిస్తే నేనే పోద్దును" అంది. ఆ తర్వాత నాలుగు గురువారాలు పోయి చూస్తే పెద్దమ్మ పెదవులు మెత్తబడ్డాయి. ఆయా చెంబు ఎత్తడం చూస్తే చాలు, చెయ్యి దొప్ప చేసి సిద్ధంగా ఉండేది. ఆమెకు మూడో నంబరు అనే పిలుపు కూడా పోయింది. చెంబవ్వ అనేవాళ్లు.

నేను చేసిన తప్పు ఒక్కటే. ఆ సంగతి ఆయాకు చెప్పాను గానీ, మంచానికున్న కాగితం మీద రాయించలేదు. మేనేజరుకు నోటిమాటగా అన్నాను, ఆయన తల ఊపాడు. సరిపోతుందనుకున్నాను.

తర్వాతి గురువారం పోలేదు. పెళ్లిళ్ల కాలం. పెబ్బేరు వైపు వాళ్లది పెద్ద ఆర్డరు. వచ్చినవాళ్లందరికీ పంచే గిన్నెలు, ఒక్కొక్కదాని మీదా వధూవరుల పేర్లు కొట్టాలి. శుక్రవారం పొద్దున్నే బండి వస్తుంది. సెలవు రోజు తలుపు సగం వేసుకుని పొద్దున్నుంచీ పేర్లు కొట్టాను. ఆయాకు ఫోన్ చేద్దామని ఒకసారి అనుకున్నాను. చేతిలో మెషిన్ ఉంది. తర్వాత చేద్దాంలే అనుకున్నాను.

ఆయా అక్కడ లేదు. అమ్మకు బాగాలేదని సోమవారమే ఊరికి పోయింది. ఆమె బదులు వచ్చిన మనిషికి కాగితం మీద ఉన్నదే తెలుసు. నీళ్లు, కప్పు, టిక్కు. శుక్రవారం మధ్యాహ్నం ఆయా తిరిగి వచ్చి నాకు ఫోన్ చేసింది. "అన్నా, జర జల్ది రా. చెంబు నేను పెట్టిపోయిన కాన్నే ఉంది, దుమ్ము పట్టింది. కాయితం మీద మాత్రం అన్ని టిక్కులున్నయ్" అంది. ఏడుస్తోంది.

ఈసారి దవాఖానలో మూడు రోజులే. చీము ఊపిరితిత్తులకు కూడా చేరింది, నోటికి ఏమీ ఇవ్వొద్దన్నారు. మూడో రోజు సాయంత్రం నేను పక్కన కూర్చుని ఉంటే ఆమె కుడి చెయ్యి మెల్లగా లేచింది. ఈసారి నాకు అర్థమైంది. అర్థమైనప్పుడు ఇవ్వడానికి లేదు. సిస్టరును అడిగాను, వద్దని తల ఊపింది. వెంట తెచ్చిన చెంబులో వేళ్లు ముంచి ఆమె అరచెయ్యి తడిపాను. ఆమె చేతిని నోటి దాకా తీసుకుపోలేదు. తడిని దాచుకున్నట్టు గుప్పిట మూసింది. అట్లాగే పోయింది. మా ఇంటామె నడుం బెల్టు విప్పడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

కర్మలు బీచుపల్లిలో కృష్ణ ఒడ్డున చేశాం. అయ్యగారు దోసిట్లో నీళ్లు పోసి వదలమన్నాడు. చేతులు దగ్గర పెట్టుకుని అట్లాగే నిలబడ్డాను. వదులు నాయనా, వదులు అని ఆయన రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

హోంకు పోయి పోట్లాడదామనుకున్నాను. పోయాను కూడా. మేనేజరు అదే మెత్తని గొంతుతో అట్ట తీసి ముందు పెట్టాడు. టిక్కులు చూపించాడు. పోట్లాట మానేసి కూర్చున్నాను. ఆ కాగితాన్ని మొదట నమ్మినవాణ్ణి నేనే కదా. కానీ ఒక్కటి అడిగాను. మనిషిని చేర్చుకున్న రోజు, ఈమె నీళ్లెట్లా తాగుతుంది, అన్నం ఎవరు కలిపితే తింటుంది, ఏ పిలుపుకు పలుకుతుంది, ఈ మూడూ ఇంటివాళ్లను అడిగి అదే కాగితం మీద పైన రాయమని. చూద్దామన్నాడు. రెండు వారాల తర్వాత ఆయా ఫోన్ చేసి, కొత్తగా వచ్చిన ఇద్దరికి రాస్తున్నారని, పాతవాళ్లకు తనే అడిగి రాస్తున్నానని చెప్పింది. పద్దెనిమిది మందికి చేతులు మాత్రం ఇప్పటికీ రెండే. మీ ఇంట్లో ఎవరినైనా అట్లాంటి చోట పెట్టాల్సి వస్తే, పెట్టినందుకు సిగ్గుపడకండి. పరేషాన్ అయినవాళ్లే పెడతారు, నేనూ పెట్టాను. కానీ దుప్పట్లు, సబ్బుల చీటీ పట్టుకుని నాలాగా పోకండి. మీకు మరీ మామూలుగా అనిపించే సంగతే ముందు చెప్పండి, పక్కన నిలబడి రాయించండి.

ఇక నిన్నటి సంగతి. సొట్ట చెంబు ఇప్పుడు దుకాణంలో గల్లా పక్కన ఉంది. పేరు చెరిపేద్దామా అని మా ఇంటామెను అడిగితే, ఉండనీ అంది. పొద్దున తలుపు తీయగానే నింపి పెడుతోంది, ఇప్పుడు లేచి తిరుగుతోంది కాబట్టి. నిన్న ఎండ వేళ వీపనగండ్ల నుంచి ఒక రైతు వచ్చాడు. మీలో కొందరికి తెలిసే ఉంటాడు, అంగడికి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి బేరమాడి కొనకుండా పోయేవాడు. ఆయనకు కబురు తెలియదు. గడప మీద కూర్చుని తలపాగాతో మొహం తుడుచుకున్నాడు. నన్ను చూడలేదు, లోపలికి చూడలేదు. ఎప్పుడూ చేసినట్టే కుడి అరచెయ్యి దొప్ప చేసి, పెదవుల దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని ఆగాడు. నేను చెంబు ఎత్తి పోశాను. తాగాడు. మళ్లీ పెట్టాడు, మళ్లీ పోశాను. చాలని తల ఊపి, మూతి తుడుచుకుని, అప్పుడు కళ్లు తెరిచి నన్ను చూశాడు. "అమ్మ ఏది?" అన్నాడు.

చెంబు కింద పెట్టి చెప్పాను. ఆయన తడి చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. నీళ్లు చుక్క చుక్కగా మోచేతి దాకా జారుతున్నాయి.

మీ అందరికీ అట్లా ఒక్కొక్కరిగా చెప్పలేక ఇట్లా రాశాను. వనపర్తి మీదుగా పోయేటప్పుడు దుకాణం దగ్గర ఆగండి. బేరం ఏమీ వద్దు. ఎప్పుడొస్తారు?